ఒకే రా ఫైల్, మూడు సాఫ్ట్‌వేర్లు, మూడు ఎరుపులు: ఏది అసలు రంగు?

వెలుగునీడ:
రెండు రోజులుగా ఇదే టెన్షన్. సాయంత్రపు ఎండలో ఒక ఎర్ర గులాబీని రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ కొలిచిన అంకెలు ఫొటోగా మారకముందే దాచుకునే ఫైల్‌గా తీశాను. ఆ ఒక్క ఫైల్‌నే మూడు సాఫ్ట్‌వేర్లలో తెరిచాను, ఏ స్లైడరూ కదపలేదు. కెమెరా కంపెనీ ఇచ్చిన దాంట్లో చిక్కటి ఎరుపు, రేకుల మడతలతో సహా కనిపిస్తోంది. రెండో దాంట్లో అదే పువ్వు నారింజ వైపు తిరిగింది. మూడో దాంట్లో ఫొటో మొత్తం చీకటిగా, పేలవంగా ఉంది. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి తెలుపుని తెలుపుగా చూపించే సర్దుబాటు, మూడింట్లోనూ కెమెరాలో ఉన్నదే. అయినా వెలుగు రంగుని కొలిచే కెల్విన్ అంకె ఒకటి 5200 అంటోంది, ఇంకోటి 4950 అంటోంది.

ఇవి పూలమొక్కల కేటలాగ్‌కి తీస్తున్న ఫొటోలు. ఎరుపు కాస్త జరిగినా చూసేవాళ్లు వేరే రకం మొక్క అనుకుంటారు. నా అభిప్రాయం ఇది: కెమెరా చేసినవాళ్లకే దాని గుట్టు తెలుసు, కాబట్టి వాళ్ల సాఫ్ట్‌వేర్ చూపించేదే అసలు రంగు. మిగతావాళ్లు బయట నుంచి అంచనా వేస్తున్నారు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పాతలెన్స్:
నేను మీ వైపే. కెమెరా రా ఫైల్‌లో అంకెలతో పాటు కొన్ని సూచనలు కూడా రాస్తుంది. వాటిని పూర్తిగా చదివేది కంపెనీ సాఫ్ట్‌వేరే. ఉదాహరణకి ఫ్యూజీలో డీఆర్ 400 అనే డైనమిక్ రేంజ్ సెట్టింగ్ పెడితే, ఆకాశం తెల్లబడిపోకుండా కెమెరా రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుగు సగం) తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీస్తుంది, తర్వాత జేపెగ్ చేసేటప్పుడు నీడల్ని పైకి లేపుతుంది. ఆ సూచన తెలియని ప్రోగ్రామ్‌లో ఫొటో చీకటిగానే కనిపిస్తుంది. ఇదే పనికి ఉన్న కెనాన్ హైలైట్ టోన్ ప్రయారిటీ, నికాన్ యాక్టివ్ డీ-లైటింగ్ ఆన్‌లో ఉన్నా ఇలాంటి తేడాలే వస్తాయి. మీ మూడో ఫొటో చీకటిగా ఉందంటే ముందు ఆ సెట్టింగే చూడండి. తీసినవాడి ఉద్దేశం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే తెలుస్తుందని నేను నమ్మడానికి ఇదే కారణం.

కోడ్‌పురుగు:
ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. రా ఫైల్‌లో రంగు దాగి ఉందని, ఒకరు దాన్ని సరిగ్గా, ఇంకొకరు తప్పుగా బయటికి తీస్తున్నారని మీరు అనుకుంటున్నారు. అందులో రంగు లేదు. ఒక్కో పిక్సెల్ ముందు ఒక్కో రంగు ఫిల్టర్, దాని వెనక పడిన వెలుగుకి ఒక్క అంకె, అంతే. ఎక్కువ కెమెరాల్లో ఉండేది కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ అమరిక. 1976లో పేటెంట్ వచ్చింది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చకి, పావు ఎరుపుకి, పావు నీలానికి. ప్రతి పిక్సెల్ దగ్గరా కొలిచింది ఒక రంగునే. మిగతా రెండూ పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టినవి. ఈ లెక్క ఒక్కో ప్రోగ్రామ్‌లో ఒక్కోలా ఉంటుంది. కానీ దాని తేడా అంచుల్లోనూ సన్నటి గీతల్లోనూ కనిపిస్తుంది. మీ గులాబీ నారింజ అవడానికి అది కారణం కాదు.

కారణం ఆ తర్వాతి మెట్టులో ఉంది. సెన్సర్‌కి ఎరుపు అనిపించేదీ, మన కంటికి ఎరుపు అనిపించేదీ ఒకటి కాదు. ఒకదాన్ని రెండోదానిగా మార్చడానికి తొమ్మిది అంకెల పట్టిక, అంటే 3×3 మాట్రిక్స్ వాడతారు. కెమెరా స్పందన కంటి స్పందనకి సరిగ్గా కుదిరితే ఆ పట్టిక ఒక్కటే చాలు. దీన్ని లూథర్ షరతు అంటారు. మనం వాడే కెమెరాలేవీ దాన్ని పూర్తిగా తీర్చలేవు. కాబట్టి పట్టిక ఎవరు తయారుచేసినా ఎక్కడో రాజీ పడాల్సిందే. చర్మం రంగు దగ్గర తప్పు తగ్గిస్తే ముదురు ఎరుపు దగ్గర పెరగొచ్చు. ఏ తప్పుని భరించాలో ఒక్కో బృందం ఒక్కోలా నిర్ణయిస్తుంది. కంపెనీవాళ్లు కూడా అంతే. గుట్టు తెలిసినా రాజీ తప్పదు.

దాని పైన టోన్ కర్వ్ వస్తుంది. సెన్సర్ అంకెలు లీనియర్, అంటే వెలుగు రెట్టింపు అయితే అంకె కూడా రెట్టింపు. తెర మీద బాగా కనిపించాలంటే మధ్య వెలుగుల్ని సాగదీసి, బాగా వెలిగే చోట్లని మెల్లగా వంచాలి. ఈ వంపుని ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి విడివిడిగా వేస్తే ఏమవుతుందో గులాబీ మీద చూడండి. వెలుగు పడిన రేకులో ఎరుపు ఛానెల్ అప్పటికే పైకప్పు తాకి ఆగిపోతుంది, ఆకుపచ్చ మాత్రం ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఎరుపులో ఆకుపచ్చ కలిస్తే నారింజ. మీ రెండో ఫొటోలో జరిగింది ఇదే అని నా అనుమానం. రంగు జారకుండా వంపు వేసే పద్ధతులూ ఉన్నాయి. ఏది వాడాలన్నది ప్రోగ్రామ్ రాసినవాళ్ల ఎంపిక.

వెలుగునీడ గారూ, మీకు ఒక ప్రశ్న. కంపెనీ దగ్గర ఒకే అసలు రంగు ఉంటే కెమెరా మెనూలో స్టాండర్డ్, వివిడ్, న్యూట్రల్, పోర్ట్రెయిట్ అని ఎందుకు పెట్టారు? అదే ఫైల్‌ని వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే నాలుగు స్టైళ్లలో తెరవండి. నాలుగు ఎరుపులు వస్తాయి, నాలుగూ కంపెనీవే.

కొత్తక్లిక్:
మధ్యలో చిన్న సందేహం. రా ఫైల్ తెరవగానే ఫొటో బాగుంటుంది, ఒక్క క్షణంలో చప్పబడిపోతుంది. నా కంప్యూటర్‌లో ఏమైనా లోపమా?

గ్రే_కార్డ్:
లోపం కాదు. ముందు కనిపించేది కెమెరా తయారుచేసి రా ఫైల్ లోపల పెట్టిన జేపెగ్. ఆ క్షణం తర్వాత మీ ప్రోగ్రామ్ తన సొంత లెక్క పూర్తిచేసి దాన్ని చూపిస్తుంది. కెమెరా వెనక తెర మీద మీరు చూసిన హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫ్) కూడా ఆ జేపెగ్‌దే.

పాతలెన్స్:
కోడ్‌పురుగు గారి చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మాట పట్టుకుని వెళ్తే ఎవరేం చూపించినా సరే అనాల్సి వస్తుంది. రా ఫైల్‌లో రంగు లేకపోవచ్చు. పువ్వుకి ఉంది కదా! ఎదురుగా ఉన్న ఎర్ర పువ్వుని నారింజగా చూపిస్తే అది తప్పే. దాన్ని ఎంపిక అంటే ఎలా?

గ్రే_కార్డ్:
ఈ థ్రెడ్ మొత్తంలో నాకు నచ్చిన మాట ఇదే. తేడాలన్నీ ఒక జాతి కావు. కొన్ని నిజంగా తప్పులు. బ్లాక్ లెవెల్ సంగతి చూడండి. చీకట్లో కూడా చాలా కెమెరాల సెన్సర్ సున్నా ఇవ్వదు, ఒక చిన్న అంకె ఇస్తుంది. ప్రోగ్రామ్ దాన్ని సరిగ్గా తీసేయకపోతే నీడల్లో ఊదా రంగో ఆకుపచ్చో పాకుతుంది. అలాగే ఒక ప్రోగ్రామ్ మానిటర్ ప్రొఫైల్, అంటే తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్ వాడి, ఇంకోటి వాడకపోతే రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడమే వృథా. ఇవి రుచికి సంబంధించినవి కావు, సరిచేయాల్సినవి.

కెల్విన్ తేడా మాత్రం తప్పు కాదు. వైట్ బ్యాలెన్స్ కోసం ముఖ్యంగా కావాల్సింది ఎరుపునీ నీలాన్నీ ఎన్ని రెట్లు చేయాలన్న గుణకాలే, కెమెరా వాటిని ఫైల్‌లో రాస్తుంది. ప్రతి ప్రోగ్రామ్ తన పట్టికతో వాటిని కెల్విన్‌గా మార్చి చూపిస్తుంది. అందుకే అవే గుణకాలకి 5200, 4950 అని రెండు అంకెలు వచ్చాయి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రెండు చోట్లా 5200 అని టైప్ చేసి సమానం చేశామనుకుంటారు. అప్పుడే అసలు తేడా మొదలవుతుంది! అంకె కాపీ చేయొద్దు, రెండింట్లోనూ ఒకే బూడిద రంగు గడి మీద క్లిక్ చేయండి.

చీకటి గురించి కూడా ఒక మాట. డార్క్‌టేబుల్ అనే రా ప్రోగ్రామ్ సీన్ రిఫర్డ్ పద్ధతిలో, అంటే ఎదుటి దృశ్యంలోని వెలుగు లెక్కల మీదే పనిచేసే పద్ధతిలో, మామూలుగా 0.7 ఈవీ (అంటే 0.7 స్టాపు) ఎక్స్‌పోజర్ పెంచి మొదలవుతుంది, అక్కడి నుంచి మీరు సరిచూసుకోవాలి. డీఎన్‌జీ అనే అడోబీ రా ఫార్మాట్‌లో బేస్‌లైన్ ఎక్స్‌పోజర్ (మొదట ఎంత వెలుగుతో చూపాలన్న సర్దుబాటు) అని ప్రతి కెమెరా మోడల్‌కీ ఒక అంకె పెట్టే చోటు ఉంది. మొదలుపెట్టే చోటే వేరైనప్పుడు స్లైడర్లు కదపకుండా పోల్చి ఒకటి పేలవం, ఒకటి బాగుంది అనడం న్యాయం కాదు.

కేటలాగ్ పని కాబట్టి మీకు కావాల్సింది అందం కాదు, పోలిక. పువ్వు పక్కన 24 గడుల కలర్ చార్ట్ పెట్టి, అదే వెలుగులో ఒక ఫొటో తీయండి. దాంతో ప్రొఫైల్, అంటే మీ కెమెరా రంగుల్ని సరిచేసే పట్టిక, చేసి, వీలున్న చోట వంపు లేని లీనియర్ కర్వ్‌తో మళ్లీ పోల్చండి.

వెలుగునీడ:
చేసి చూశాను. అదే మొక్క, అదే సాయంత్రపు వెలుగు, పక్కన చార్ట్. మూడింట్లోనూ బూడిద గడి మీద క్లిక్ చేశాను, కర్వ్ తీసేశాను, మిగతా రెండు ప్రోగ్రామ్‌లలో చార్ట్‌తో చేసిన ప్రొఫైల్ పెట్టాను. బూడిద గడులు మూడు చోట్లా కలిసిపోయాయి. ఎరుపు గడి కూడా దాదాపు ఒకటే. రేకుల లోపలి మడతల్లో మాత్రం ఇంకా కొంచెం తేడా ఉంది.

నన్ను బాగా కదిలించింది వేరే విషయం. పువ్వుని తెర పక్కన పెట్టి చూశాను. నేను అసలు రంగు అనుకున్న కంపెనీ ఎరుపు పువ్వు కంటే చిక్కగా ఉంది. స్టాండర్డ్ స్టైల్ దాన్ని అలా చేసింది, న్యూట్రల్ పెడితే దగ్గరకొచ్చింది. ఇన్నాళ్లూ నాకు నచ్చిన రంగునే నిజం అనుకున్నాను. నా మొదటి వాదన వెనక్కి తీసుకుంటున్నాను.

పాతలెన్స్:
తెర పక్కన పెట్టి పోల్చేటప్పుడు గదిలో ఏ వెలుగు ఉందో కూడా చూసుకోండి, పసుపు బల్బు కింద ఏ ఎరుపైనా మారిపోతుంది. కేటలాగ్‌కి చార్ట్ పద్ధతే సరైనదని నేనూ ఒప్పుకుంటున్నాను. మనుషుల ఫొటోలకి మాత్రం కంపెనీ పోర్ట్రెయిట్ స్టైల్ నుంచే మొదలుపెడతాను. అది నిజమని కాదు, ఆ చర్మం రంగు నాకు ఇష్టం.

కోడ్‌పురుగు:
పాతలెన్స్ గారూ, ఇష్టం అని చెప్పి వాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

వెలుగునీడ గారూ, కేటలాగ్ ఏళ్ల తరబడి నడుస్తుంది కాబట్టి ఒక్క జాగ్రత్త. ఒకే ప్రోగ్రామ్ కూడా కాలంతో మారుతుంది. 2012లో అడోబీ ఫొటో ప్రోగ్రామ్ లైట్‌రూమ్ 4 వచ్చినప్పుడు లెక్క చేసే పద్ధతే మారింది, పాత ఫొటోని కొత్త ప్రాసెస్ వెర్షన్‌కి మారిస్తే రూపం మారేది. మీరు చేసిన ఎడిట్లు ఇంకో ప్రోగ్రామ్‌కి అలాగే వెళ్లవు. అందుకే పూర్తయిన ప్రతి ఫొటోని కలర్ ప్రొఫైల్‌తో సహా 16 బిట్ టిఫ్‌గా (రంగుల వివరాలు ఎక్కువగా పట్టే ఫొటో ఫైల్‌గా) దాచుకోండి. రా ఫైల్‌తో పాటు ఆ రోజు తీసిన చార్ట్ ఫొటో కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి. ఆ మడతల్లో మిగిలిన తేడా ఎక్కడి నుంచి వస్తోందో నాకూ చూడాలని ఉంది. వీలైతే రెండు ఫైళ్లూ ఇక్కడ పెట్టండి.