స్లీవ్ తర్వాత బరువు మళ్ళీ పెరుగుతోంది, బెంగళూరులో ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారు?

కేఆర్‌పురం_కోడలు:
అందరికీ నమస్తే. 2021లో స్లీవ్ అయింది, అదే బరువు తగ్గడానికి కడుపు చాలావరకు కోసి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్. 118 కిలోల నుంచి 74కి దిగాను, ఏడాదిన్నర అక్కడే నిలబడింది. ఇప్పుడు 87. తిండి పెద్దగా మారలేదంటే ఇంట్లో మా ఆయన తప్ప ఎవరూ నమ్మరు. పొద్దున చిన్న గిన్నెడు ఉప్మా, మధ్యాహ్నం పప్పు, కూర, కాస్త అన్నం, చివర్లో రెండు ముద్దల పెరుగన్నం, గ్లాసుడు మజ్జిగ, అంతే. సర్జన్ దగ్గరికెళ్తే రిపోర్టు కూడా పూర్తిగా చూడకుండా "బైపాస్‌కి మార్చేద్దాం" అన్నారు, అంటే గుండెది కాదు, చిన్న కడుపు సంచీని నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్. మళ్ళీ కత్తి కిందకి వెళ్ళే ముందు ఏ పరీక్షలు అడగాలి? బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడినవాళ్ళు ఎలా ఉన్నారు? తెలుగులో మాట్లాడే డైటీషియన్ ఎవరైనా తెలుసా? రాత్రిళ్ళు గొంతులో మంట కూడా వస్తోంది, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

బీటీఎమ్_తమ్ముడు:
అక్కా, మజ్జిగ ఆపండి ముందు. స్లీవ్ తర్వాత అన్నంతో పాటు ఏ ద్రవం పోసినా తిన్నది కిందకి జారిపోతుంది, కడుపు నిండినట్టే అనిపించదు, గంటకే ఆకలి. తిన్నాక అరగంట దాకా మంచినీళ్ళు కూడా ముట్టొద్దని నాకు డిశ్చార్జ్ రోజే రాసిచ్చారు. నేను 70 దగ్గర నిలబడ్డానంటే ఆ ఒక్క నియమం వల్లే.

జయనగర్_టీచరమ్మ:
బాబూ, మజ్జిగ మీద పడకు. పెరుగు ముద్ద లేకపోతే మనవాళ్ళకి భోజనం అయినట్టే ఉండదు. నాకూ స్లీవే. రోజూ పెరుగన్నమే తింటాను, బరువు కిలో కూడా కదల్లేదు. పైగా పెరుగులో ప్రొటీన్ ఉంది.

బీటీఎమ్_తమ్ముడు:
ఎంత ఉంది మేడమ్? 100 గ్రాముల పెరుగులో మూడు నాలుగు గ్రాములు. మనకి రోజుకి కనీసం 60 కావాలి. అది నీళ్ళు పోసి మజ్జిగ చేస్తే ఇంకేం మిగులుతుంది? ఒక్క గుడ్డులో ఆరు గ్రాములు వస్తుంది. పెరుగు వేరే పూట తినండి, ఎవరు కాదన్నారు. పెరుగన్నం నమలక్కర్లేకుండా జారిపోతుంది, అందుకే ఎంత తిన్నా పడుతుంది. అదే చికెన్ ముక్కలు నాలుగు తినేసరికి చాలనిపిస్తుంది, మీరే చూడండి.

జయనగర్_టీచరమ్మ:
మేం శాకాహారులం. అందరికీ చికెన్ చెప్పకు. ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు, ఎవరికి వండాలో వాళ్ళకి వండుకుంటూ నా కోసం వేరే ప్లేటు పెట్టుకునే వీలు అందరికీ ఉండదు. పనీర్, సోయా, పెసలు, శనగలు తింటాను. చివర్లో పెరుగు నా ఇష్టం.

ఓటీ_అనుభవం:
పదిహేనేళ్ళుగా ఈ ఆపరేషన్లు కళ్ళతో చూస్తున్నవాణ్ణి, సూటిగా చెప్తాను. స్లీవ్‌లో కడుపు 75 నుంచి 80 శాతం తీసేస్తాం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా పోతుంది. అందుకే మొదటి ఏడాది చాలామందికి ఆకలి పెద్దగా వేయదు. ఆ ఏడాదిలో అలవాట్లు మార్చుకున్నవాళ్ళు నిలబడతారు, మార్చుకోనివాళ్ళు కడుపును మళ్ళీ సాగదీసుకుంటారు. బరువు మళ్ళీ పెరిగిందంటే నోరు కట్టుకోలేదని అర్థం. మజ్జిగా పెరుగా అని కొట్టుకోవడం అనవసరం.

కేఆర్‌పురం_కోడలు:
నేను నోరు కట్టుకోలేదని మీరెలా చెప్తారు సార్? నా ప్లేటు చూశారా?

కడప_టు_కోరమంగళ:
ఓటీ అన్నా, మీరు లోపల చూశారేమో, బయట మా బతుకు చూడలేదు. 118 కిలోలున్నప్పుడూ ఇదే మాట విన్నాం, "తిండి తగ్గించు" అని. అది సరిపోయేదైతే ఆపరేషన్ టేబుల్ ఎక్కేవాళ్ళమే కాదు. నాది బైపాస్. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్ళతో సహా వేలమందిని ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనం ఉంది. అందులోనూ మొదటి ఏడాది బరువు బాగా దిగి, తర్వాత కొంత మళ్ళీ పెరిగి, ఎనిమిది పదేళ్ళకి ఒకచోట స్థిరపడింది. పదేళ్ళ తర్వాత కూడా బైపాస్ వాళ్ళు మొదటి బరువు కంటే సగటున 25 శాతం తక్కువలోనే ఉన్నారు. అంటే కొంత పెరగడం శరీరం చేసే పని. అక్కది 13 కిలోలు, అది కొంచెం ఎక్కువే, కారణం వెతకాలి. కానీ అది ఆవిడ నేరం కాదు.

ఓటీ_అనుభవం:
సగటు లెక్కలు చెప్పి జనాన్ని సోమరులను చేయకండి. వారం రోజులు తిన్న ప్రతిదీ రాయమనండి, టీలో ముంచిన బిస్కెట్టుతో సహా. అప్పుడు తెలుస్తుంది.

వైట్‌ఫీల్డ్_నైట్‌షిఫ్ట్:
రాయడం మంచిదే, ఆ మాట మాత్రం ఒప్పుకుంటా. బయటపడేది అక్కడే. భోజనం అందరిదీ చిన్నదే, మధ్యలో మిక్చర్, మురుకులు, బేకరీ నిప్పట్టు, ఆఫీసు మెషిన్ కాఫీ కొంచెం కొంచెంగా రోజంతా పడుతుంటాయి. స్లీవ్ దాన్ని అడ్డుకోదు. నాకు నైట్ షిఫ్ట్, రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో దొరికేది పఫ్, మ్యాగీ. నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది, దాని గురించి ఒక్కరూ మాట్లాడరు. సోమరితనం అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంజెక్షన్ అడిగారు కదా. మౌంజారో 2025 మార్చిలో ఇండియాకి వచ్చింది, వెగోవి జూన్‌లో. రెండూ వారానికొకటి. నేను మౌంజారో వాడుతున్నాను, ఎండోక్రైనాలజిస్ట్ పెట్టారు. బరువు దిగుతోంది. బుర్రలో పొద్దస్తమానం తిండి గురించే తిరిగే రొద తగ్గింది, అది నాకు అన్నిటికంటే పెద్ద లాభం. కానీ వికారం, మలబద్ధకం గట్టిగానే ఉన్నాయి. మనకి ముందే కడుపు చిన్నది, దాని మీద ఆకలి కూడా చచ్చిపోతే ప్రొటీన్ అసలు పడదు, కండ కరిగిపోతుంది. అందుకే జిమ్‌లో బరువులు ఎత్తుతున్నాను. ఇంజెక్షన్ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఇవి వాడకూడదు, డాక్టరుకి తప్పక చెప్పండి.

హొసకోట_నాన్న:
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రివిజన్‌కి, అంటే రెండోసారి చేసే సర్జరీకి, పాలసీ డబ్బులిస్తుందా? మా అమ్మాయికి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 33కి వచ్చింది. కంపెనీ వాళ్ళు కుదరదన్నారు.

కడప_టు_కోరమంగళ:
ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నియమం ప్రకారం బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి అదుపులో లేని షుగరు, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) లాంటివి ఉండాలి. డాక్టరు సలహా రాతపూర్వకంగా ఉండాలి, వయసు 18 నిండాలి. 33తో కష్టమే బాబాయ్. అయితే రిఫ్లక్స్‌కి (కడుపులో ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం) చేసే సర్జరీ అని డాక్టరు కాగితం మీద రాస్తే దారి వేరు కావచ్చు, పాలసీ పత్రం తెచ్చుకుని చదవండి.

హొసకోట_నాన్న:
అంటే పిల్ల ఇంకా లావయ్యేదాకా ఆగాలా? ఇదెక్కడి న్యాయం బాబూ. షుగరొచ్చాక ఇస్తారట డబ్బులు.

జయనగర్_టీచరమ్మ:
జుట్టు ఊడుతోందా మీ అమ్మాయికి? మాకు తెలిసినావిడ బీ12 మానేసి కాళ్ళు తిమ్మిర్లెక్కి నడవలేకపోయింది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటల ఎడం పెట్టమనండి.

కడప_టు_కోరమంగళ:
అక్క మొదటి ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. అక్కా, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) అడగండి, దానితో పాటు బేరియం ఎక్స్-రే. తెల్లటి సున్నంలాంటి ద్రవం చేతికిస్తారు, మెషిన్ ముందు నిలబడి గుక్క గుక్కగా మింగాలి, అది కిందకి దిగే దారి స్క్రీన్ మీద కనిపిస్తుంది. స్లీవ్ ఎక్కడ వెడల్పైంది, పైన సంచిలా మిగిలిందా, హెర్నియా ఉందా తెలుస్తుంది. నాకు బైపాస్ జాయింట్, అంటే కడుపు సంచీ పేగుతో కలిసే చోటు, సాగిందని ఎండోస్కోపీలోనే దొరికింది, ఆర్గాన్ ప్లాస్మా అనే వేడి గ్యాసుతో కాల్చి బిగించారు, కోత లేకుండా అయిపోయింది. థైరాయిడ్, షుగరు కూడా చూపించుకోండి. కొత్తగా ఏ మందులు మొదలుపెట్టారో చీటీ రాసుకెళ్ళండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి.

ఇక గొంతు మంట. స్లీవ్ తర్వాత రిఫ్లక్స్ మామూలుగా వచ్చేదే, కానీ వదిలేస్తే అన్నవాహికకి మంచిది కాదు. ఎండోస్కోపీలో అది గట్టిగా కనబడితే బైపాస్‌కి మార్చడానికి నిజమైన కారణం దొరికినట్టే. బరువు ఒక్కటే కారణమైతే ముందు డైటీషియన్, ఇంజెక్షన్ దారి చూడండి.

ఓటీ_అనుభవం:
ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. ఎండోస్కోపీ చూడకుండా రివిజన్‌కి తేదీ ఇస్తే ఒప్పుకోవద్దు, రెండో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. రివిజన్ మొదటి ఆపరేషన్ కంటే కష్టం, కుట్లు లీకయ్యే ప్రమాదం ఎక్కువ.

కేఆర్‌పురం_కోడలు:
కడప తమ్ముడూ, చాలా థ్యాంక్స్. థైరాయిడ్ మందు డోసు ఈ మధ్యే మార్చారు, నిద్ర మాత్ర కూడా రాశారు, ఇవి అడగాలని నాకు తట్టనే లేదు. సోమవారం పొద్దున ఎండోస్కోపీ పెట్టించుకున్నాను, మా ఆయన సెలవు పెడుతున్నారు. ఓటీ సార్, చివర్లో చెప్పిన మాటకి థ్యాంక్స్, మొదటి మాట మాత్రం ఇప్పటికీ తప్పే.

బీటీఎమ్_తమ్ముడు:
ఆల్ ది బెస్ట్ అక్కా. మజ్జిగ సాయంత్రం నాలుగింటికి విడిగా తాగండి, భోజనంలో మాత్రం వద్దు.

జయనగర్_టీచరమ్మ:
ఈ అబ్బాయి వదలడు. కోడలమ్మా, తెలుగు మాట్లాడే డైటీషియన్ నాకు తెలుసు, అనంతపురం ఆవిడ, మన వంటలతోనే పట్టిక రాసిస్తుంది. నంబరు ఇక్కడ పెట్టను, విడిగా మెసేజ్ చేస్తాను. హొసకోట అన్నయ్యగారూ, మీకు కూడా పంపనా?