తప్పెటగుళ్ళకి రేడియోలో ఉన్న పావుగంట కూడా పోయింది, ఏం చేయాలి?

వంశధార గట్టు (కాశీనగర్, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. రేడియోలో పనిచేసినవాళ్ళు, జానపద బృందాలు నడిపేవాళ్ళు ఇక్కడ ఉంటే కాస్త సలహా చెప్పండి.

మాది కాశీనగర్ దగ్గర పల్లె. ఉన్నది ఒడిశాలోనే గానీ ఇంట్లో, వీధిలో, సంతలో అంతా తెలుగే. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని ఎగురుతూ పాడే ఆటే తప్పెటగుళ్ళు. మా తాత అలాంటి బృందానికి గురువు. ఆయన తర్వాత మా చిన్నాన్న నడిపిస్తున్నాడు. బృందంలో ఎక్కువమంది గొర్రెల కాపర్లే. దరఖాస్తులూ ఉత్తరాలూ రాసేది నేను. తెలుగూ ఒడియా రెండూ రాయడం వచ్చినదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే.

మాకు వినబడే ఆకాశవాణి కేంద్రాల్లో ఒకదాంట్లో వారానికోసారి సాయంత్రం పావుగంట జానపదం వచ్చేది. ఏ కేంద్రమో రాయను, అక్కడ మాకు మేలు చేసినవాళ్ళూ ఉన్నారు. తప్పెటగుళ్ళు, జముకుల కథ, కోలాటం, చెక్కభజన మార్చి మార్చి వేసేవారు. మొదట వారానికి ఒకసారి కాస్తా నెలకి ఒకసారి అయింది. తర్వాత సాయంత్రం నుంచి మిట్టమధ్యాహ్నానికి మార్చారు. ఇప్పుడు ఆ టైముకి ఎక్కడినుంచో రిలే, సినిమా పాటలు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒకాయన మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, తప్పెటగుళ్ళు చూడాల్సినవి. రేడియోలో ఏం వినిపిస్తుంది, చప్పుడు తప్ప?" అన్నారు.

నాకు బాధనిపించింది ఈ మాటే. జవాబు చెప్పేలోపు ఫోన్ పెట్టేశారు కాబట్టి ఇక్కడ చెప్తాను.

తప్పెటగుళ్ళకి పక్కవాద్యం లేదు. డోలు, సన్నాయి, హార్మోనియం ఏవీ ఉండవు. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, నోట్లో పాట. అంతే. గురువు చరణం ఎత్తుకుంటాడు, పదిహేను ఇరవై మంది అందుకుంటారు. మాట వినబడాలి కాబట్టి పాట సాగుతున్నంతసేపూ చెయ్యి మెత్తగా పడుతుంది, వేళ్ళ చివర్లే తగులుతాయి. చరణం పూర్తవగానే గురువు ఒక కేక వేస్తాడు. అప్పుడు అరచెయ్యి మొత్తం పడుతుంది, నడక రెట్టింపవుతుంది, అందరూ ఒక్కసారే ఎగిరి దిగుతారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీని గజ్జెలు నింపుతాయి. మా చిన్నాన్న గోడ అవతల కూర్చుని వింటూ ఎవరి కాలు వెనకబడిందో పేరు పెట్టి చెప్తాడు. ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కి నిలబడే విన్యాసాలు చూడాల్సినవే, కాదనను. కానీ గంగమ్మ కథ, కృష్ణుడి లీలలు వినాల్సినవి. ఆటతో పుట్టిన పాటని ఆట కనబడదని పక్కన పెడితే, కాళ్ళతో వేసే తాళం సంగీతం కాదన్నట్టేగా?

ఇంకో సంగతి. పంట కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద కట్టించుకుంటారు. అప్పుడు మా బృందం చెదిరిపోతుంది. ఇద్దరు ఒక ఊళ్ళో, ముగ్గురు ఇంకో ఊళ్ళో రాత్రంతా మంద దగ్గరే ఉంటారు. వాళ్ళ దగ్గర ఇప్పటికీ ట్రాన్సిస్టర్లున్నాయి. చీకటిపడే వేళ వచ్చే ఆ పావుగంటే ఆ నెలల్లో వాళ్ళకి సాధన. పక్క జిల్లా బృందం ఎత్తుగడ ఎలా వేసిందో విని, మళ్ళీ కలిసినప్పుడు దాని మీద వాదులాడుకునేవారు. మా వాళ్ళు పాడే వరసల్లో కొన్ని అలా రేడియోలో విని పట్టుకున్నవే. మధ్యాహ్నానికి మార్చిన రోజే ఈ వినేవాళ్ళంతా పోయారు. ఎండలో గొర్రెలని మేపుతూ పరిగెత్తేవాడు రేడియో ఏం వింటాడు? ఆ తర్వాత ఎవరూ వినడం లేదని తీసేశారు.

డబ్బు సంగతి కూడా ఉంది. జాతరకి పిలిచేవాళ్ళు బ్యానర్ మీద 'ఆకాశవాణి కళాకారులు' అని వేస్తారు. ఆ మాట ఉంటే బేరం ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా. సరిహద్దు ఊళ్ళ వాళ్ళకి ఇది మరీ కష్టం. ఆంధ్రా వైపు కళాకారుల పథకం అడిగితే మీది ఒడిశా అంటారు. ఇటు అడిగితే ఇది తెలుగువాళ్ళ ఆట అంటారు. నువ్వు గట్టుకి ఏ వైపు వాడివని అడగకుండా మా తాత చేత పాడించుకున్నది రేడియో ఒక్కటే.

ఎవరికి రాస్తే పని అవుతుంది? మా తాత పాడిన పాత టేపులు వాళ్ళ దగ్గర ఉండే ఉంటాయి, నకలు అడగవచ్చా?

పాత మైకు (విజయనగరం)

అమ్మా, నేను చాలాకాలం క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. మీరు ఫోన్‌లో విన్న మాట నేనూ విన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి చెప్తాను.

తప్పెటగుళ్ళని స్టూడియోలో రికార్డు చేస్తే నిజంగానే పేలవంగా వస్తుంది. కింద తివాచీ, చుట్టూ శబ్దాన్ని మింగే గోడలు. మైకు చుట్టూ నిలబడి కదలకుండా పాడమంటాం. ఎగరడం ఆపితే వాళ్ళకి తాళం అందదు, పాట నీరసపడిపోతుంది. ఒకసారి ఒక ప్రొడ్యూసర్ గారు ఇది గమనించి బృందాన్ని వెనక వాకిట్లోకి తీసుకెళ్ళారు. సిమెంటు గచ్చు, వేపచెట్టు. ఒక మైకు గురువు ఎదురుగా, ఇంకోటి నేలకి జానెడు ఎత్తులో కాళ్ళ దగ్గర. కాకులు అరిచాయి, అవి కూడా పడ్డాయి. అయినా అంత ప్రాణమున్న రికార్డింగు నేను మళ్ళీ వినలేదు. ఆ శ్రద్ధ ఉన్న మనుషులు ఒక్కొక్కరే రిటైర్ అయ్యారు, వాళ్ళ కుర్చీల్లోకి కొత్తవాళ్ళని తీసుకోలేదు. కళని ద్వేషించి ఎవరూ తీసెయ్యరమ్మా. బృందాన్ని పిలవాలంటే కాంట్రాక్టు, పారితోషికం, రికార్డింగు, ఎడిటింగు కావాలి. రిలేకి మీట నొక్కితే చాలు. ఖర్చు తగ్గించాలని 2018 చివర్లో ఆకాశవాణి నేషనల్ ఛానల్‌నే మూసేయమని ఉత్తర్వు ఇచ్చారు. అలాంటప్పుడు పావుగంట జానపదానికి అడ్డుపడేది ఎవరు?

మీ కొండల్లో ఇంకో దెబ్బ, మీడియం వేవ్ తగ్గిపోవడం. విశాఖ 927, జయపురం 1467 కిలోహెర్ట్జ్ అని ముల్లు తిప్పి పట్టుకునేవాళ్ళం. మీడియం వేవ్ నేలని అంటిపెట్టుకుని చాలా దూరం వెళ్తుంది. ఎఫ్.ఎం. అలా కాదు, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. దేశమంతా ఇప్పుడు ఎఫ్.ఎం. వైపే పోతోంది.

ఇక పని సంగతి. బతిమాలుతూ రాయకండి. ఆకాశవాణిని నడిపే సంస్థ ప్రసార భారతి. ప్రసార భారతి చట్టం 1990, 12వ సెక్షన్ చదవండి. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకీ భాషలకీ తగినంత చోటివ్వడం ఆ సంస్థ విధి అని అందులోనే ఉంది. దాన్ని ఎత్తి చూపుతూ ఢిల్లీలోని ఆకాశవాణి డైరెక్టరేట్‌కి ఒక ప్రతి, కేంద్రానికి ఒక ప్రతి పంపండి. దాంతోపాటు సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'కార్యక్రమం ఎందుకు తీసేశారు' అని అడిగితే తప్పించుకుంటారు. కాయితం మీద ఉన్నదే అడగండి: ఈ ఏడాది జానపదానికి నెలకి ఎన్ని నిమిషాలు, అయిదేళ్ళ కిందట ఎన్ని, ఎన్ని బృందాలకి కాంట్రాక్టులు ఇచ్చారు, లైబ్రరీలో తప్పెటగుళ్ళ టేపుల జాబితా. జాబితా చేతికొస్తే మీ తాతగారి టేపు ఉందో లేదో తెలుస్తుంది. ఈ చివరిది ముందు చేయండి, పాత స్పూల్ టేపులకి కాలం తక్కువ.

గుణుపురం కుర్రాడు

అక్కా, కోపం తెచ్చుకోవద్దు. రేడియోని పట్టుకుని ఎందుకు వేలాడాలి? మా ఊరి జాతరలో తప్పెటగుళ్ళ వీడియో పెడితే వేలమంది చూశారు. దుబాయ్‌లో ఉన్న మా వాళ్ళు కూడా షేర్ చేశారు. వాళ్ళు పావుగంట ఇస్తేనే మన కళ బతుకుతుందా? పెట్టే శ్రమ ఏదో మన ఛానల్‌కే పెడదాం.

వంశధార గట్టు

కోపం ఎందుకు తమ్ముడూ, వీడియోలు మేమూ పెడుతున్నాం. కానీ నువ్వు పెట్టిన వీడియో ఒకసారి మళ్ళీ చూడు. భుజాల మీద ఎక్కినప్పటి అర నిమిషమే ఉంటుంది. దాని ముందు గంటసేపు నడిచిన కథ ఎవరూ పెట్టరు, పెట్టినా ఎవరూ ఆగరు. ఇప్పుడు జాతరలో కుర్రాళ్ళు మా వాళ్ళని "ఆ పాట వదిలేసి ఎక్కేయండి" అని అడుగుతున్నారు. అడిగిందే ఆడుతూ పోతే పదేళ్ళలో పాట పోయి ఎక్కుడు మిగులుతుంది. పక్కనే డీజే బాక్సులు మోగుతుంటే వీడియోలో తప్పెట వినబడదు కూడా. పావుగంట రేడియోలో కనీసం రెండు చరణాలు పూర్తిగా పాడేవారు. గురువు కష్టపడి కథ నేర్చుకోవడానికి అదొక కారణంగా ఉండేది.

ఫోన్లో వెతుక్కునేది మన పేరు ముందే తెలిసినవాడు. రేడియో అయితే వ్యవసాయం కార్యక్రమం కోసం పెట్టినవాడి చెవిన కూడా పడేది. మా బృందంలో ఇద్దరు గొల్లలు కారు. చిన్నప్పుడు రేడియోలో విని మా తాతని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు.

పాత మైకు గారూ, చాలా థాంక్స్ అండీ. అర్జీ ఈ వారమే రాస్తాను. నేల దగ్గర మైకు సంగతి చిన్నాన్నకి చదివి వినిపించాను. "ఎవరో తెలిసినవాడే పెట్టాడు" అన్నాడు.

కోరాపుట్ మేష్టారు

అమ్మా, మీ మాటకి బలమిచ్చే సాక్ష్యం ఒడిశాలోనే ఉంది. సంబల్‌పురి పాట ఇవాళ పెళ్ళిళ్ళలో, టీవీలో, దేశమంతా మోగుతోంది. అది కూడా ఒక మూల ప్రాంతపు ఆటపాటే. 1970ల్లో దాన్ని ఊరు దాటించింది ఆకాశవాణి సంబల్‌పూర్ కేంద్రం. అక్కడ పాడి పైకొచ్చిన జితేంద్ర హరిపాల్ గారికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. డోలు మీద ఆడే పాట రేడియోకి పనికిరాదని అప్పుడు ఎవరైనా అని ఉంటే? మీ ఉత్తరంలో ఇది తప్పకుండా రాయండి. అటువైపు ఉన్న అధికారి ఒడియా ఆయన అయితే వెంటనే అర్థమవుతుంది. మా వైపు గిరిజనుల ఆట థింసా కూడా ఇలాగే మహూరి అనే సన్నాయి, డోలు, అడుగుల మీద నడుస్తుంది. ఉమ్మడిగా రాస్తానంటే ఇక్కడి బృందాల చేత కూడా సంతకాలు పెట్టిస్తాను.

కమ్యూనిటీ రేడియో సంగతి కూడా ఆలోచించండి. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకీ లైసెన్సు ఇస్తున్నారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. కానీ అది పది పదిహేను కిలోమీటర్లు దాటదు, రిజిస్టరైన సంస్థ కావాలి, కరెంటు నుంచి జీతాల వరకూ అన్నీ మన మీదే. అందుకే ఆకాశవాణిని వదిలేయండి అని నేను అనను. పన్నులు మనమూ కడుతున్నాం.

ఈలోగా మీరే మంచి రికార్డింగు చేసి పెట్టుకోండి. ఫోన్‌తో తీస్తే పెద్ద దెబ్బ పడినప్పుడల్లా ఫోన్ తనంతట తనే శబ్దం తగ్గించేస్తుంది, వెంటనే వచ్చే మాట మునిగిపోతుంది. ఫోన్ వీడియోల్లో తప్పెట గోలలా వినిపించేది ఇందుకే. చేతిలో పట్టుకునే చిన్న రికార్డరు దొరికితే లెవెల్ చేత్తో పెట్టుకోవచ్చు. ముందు గట్టి దెబ్బలు వేయించి, దానికి సరిపడా లెవెల్ పెట్టి, ఆ తర్వాత ముట్టుకోవద్దు. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. కథ మొదటినుంచి చివరిదాకా ఆపకుండా తీయండి. మా బడిలో అలాంటి రికార్డరు ఒకటి ఉంది, అడిగి తేగలను.

వంశధార గట్టు

మేష్టారూ, తప్పకుండా రండి. సంక్రాంతికి మందలన్నీ ఊరు చేరతాయి, బృందమంతా ఒకచోట ఉంటుంది. భోగి ముందురోజు అయితే డీజే గొడవ కూడా ఉండదు. మా ఇంటి వెనక కళ్ళం గచ్చు చేయించాం, ఆట అక్కడే పెట్టిస్తాను. ఉమ్మడి ఉత్తరం చిత్తుప్రతి రేపు రాత్రికి ఇక్కడే పెడతాను. తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తున్నాను. 12వ సెక్షన్ మాటలు సరిగ్గా పడ్డాయో లేదో పాత మైకు గారు ఒకసారి చూడాలి. తమ్ముడూ, గుణుపురంలో మీ బృందం గురువు గారి సంతకం నువ్వు పెట్టించగలవా?