నల్ల కుక్క ఫొటోతో పెయింటింగ్ వేయించాలి, కళ్ళు కనపడేలా ఎలా తీయాలి?

నల్లలాబ్_హనుమకొండ
మా లాబ్రడార్ కారు నలుపు, ఆరేళ్ళ వయసు. దాని ముఖాన్ని 12×16 అంగుళాల కాన్వాస్ మీద ఆయిల్‌లో వేయించాలనుకుంటున్నాం. పంపిన ఫొటోలు చూసి ఆర్టిస్టుగారు "ముఖమంతా నల్ల ముద్దలా ఉంది, కన్ను ఎక్కడుందో తెలియట్లేదు, మళ్ళీ తీసి పంపండి" అన్నారు. ఫ్లాష్ వేస్తే కళ్ళు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి, వేయకపోతే ఏమీ కనపడట్లేదు. ఉన్నది ఫోన్ ఒక్కటే, అందులో 1ఎక్స్, 2ఎక్స్ జూమ్ రెండూ ఉన్నాయి. ఎలా తీయాలో తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కెమెరా_బెజవాడ
ముందు ఫ్లాష్ ఆపేయండి. కుక్క కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. లెన్సు పక్క నుంచే వెళ్ళిన వెలుతురు ఆ పొరకు తగిలి తిన్నగా లెన్సులోకే తిరిగొస్తుంది. ఆ మెరుపులో కంటి అసలు రంగు పోతుంది, తర్వాత ఎంత ఎడిట్ చేసినా రాదు.

నల్ల బొచ్చుకి పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుతురు కావాలి. నలుపు మీద ఆకారం తెలిసేదే మెరుపు వల్ల: మూతి పైభాగాన, కనుబొమ్మ ఎముక మీద, చెవి మడత దగ్గర సన్నగా ఒక తెల్లని జాడ పడితేనే ముఖం ముఖంలా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ జాడ తెల్లగా కాలిపోతుంది, కళ్ళు గుంటల్లోకి పోతాయి. ట్యూబులైటు కింద అసలు పడదు.

ఇంట్లో అన్నిటికన్నా మంచి చోటు వీధి గుమ్మం. కుక్కని గుమ్మానికి రెండడుగులు లోపల, ఎండ తగలకుండా, బయటికి చూసేలా కూర్చోబెట్టండి. మీరు బయట ఉండి తీయండి. ముఖం కాస్త ఒక పక్కకి తిరిగి ఉంటే ఆకాశపు వెలుతురు ఓ వైపు ఎక్కువ పడుతుంది, కంట్లో చిన్న తెల్ల చుక్క కూడా వస్తుంది. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు, కుక్క గుమ్మంలో, మనిషి లోపల. అప్పుడు ఫోన్ వెనకున్న వెలుగుకి సర్దుకుని కుక్కని నీడబొమ్మ చేసేస్తుంది.

తీసేటప్పుడు కంటి మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోండి, ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దికొద్దిగా పైకి జరుపుతూ, నుదుటి మీద వెంట్రుకలు విడివిడిగా కనపడగానే ఆపేయండి. ఇంకా పెంచితే నలుపు బూడిద రంగుకి తిరిగి, ఇసక చల్లినట్టు చుక్కలు వస్తాయి. తెల్ల పామరేనియన్‌కైతే ఇదే గుర్తుని కిందికి జరపాలి, లేకపోతే బొచ్చు గీతలు మాయమై సున్నం గోడలా వస్తుంది.

నల్లలాబ్_హనుమకొండ
చాలా థాంక్సండీ. పక్క నుంచి వెలుతురంటే రెండో చెంప మరీ చీకటైపోదా?

కెమెరా_బెజవాడ
అవుతుంది. చీకటి వైపు రెండడుగుల దూరంలో తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి, అది లేకపోతే తెల్ల దుప్పటి కుర్చీ మీద ఆరేసినా చాలు. రంగు బట్ట మాత్రం వద్దు, ఆ రంగు నల్ల బొచ్చు మీద తేలుతుంది. పచ్చగడ్డిలో తీస్తే గడ్డం కింద ఆకుపచ్చ కొట్టేదీ అందుకే.

శునకం_చిత్రం
వెలుతురు సంగతి పైన చెప్పేశారు. నేను దూరం గురించి చెప్తాను, ఎక్కువ ఫొటోలు పాడయ్యేది అక్కడే.

1ఎక్స్‌లో అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు బంతిలా, కళ్ళు చిన్నగా వస్తాయి. లెక్క చూడండి: ముక్కు 30 సెంటీమీటర్ల దూరంలో, కళ్ళు 40లో ఉంటే ముక్కు ఉండాల్సిన దానికన్నా మూడో వంతు పెద్దగా పడుతుంది. అదే ఆరడుగుల నుంచి తీస్తే ఆ తేడా ఐదారు శాతమే. కాబట్టి 2ఎక్స్ పెట్టి ఐదారడుగులు వెనక్కి జరగండి. 5ఎక్స్, 10ఎక్స్ అని లాగొద్దు. ఆ దూరానికి లెన్సు లేని ఫోన్లలో బొచ్చు అలికేసినట్టు వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఆపండి, వెనక మసక చేయబోయి మీసాలు, చెవి అంచు వెంట్రుకలు కత్తిరించేస్తుంది.

నిలబడి పైనుంచి తీయొద్దు. నేల మీద కూర్చుని లెన్సుని కుక్క కంటి ఎత్తుకి తెండి, లేదా కుక్కనే దివాను మీద ఎక్కించండి.

నడిపించి, నీళ్ళు తాగించి, 20 నిమిషాలు పడుకోనిచ్చాక తీయండి. రొప్పుతుంటే కళ్ళు చిన్నవవుతాయి, నాలుక వేలాడుతుంది. మన ఎండలకి పొద్దున 8 లోపే మేలు. కంటి పుసి, మూతి చుట్టూ చొంగ తడిగుడ్డతో తుడవండి, ఆ తర్వాత మీ లెన్సు కూడా.

రెండో మనిషి చికెన్ ముక్క పట్టుకుని మీ ఫోన్ పైఅంచు దగ్గర చెయ్యి ఉంచాలి. వింత శబ్దం మొదటి రెండుసార్లే పనిచేస్తుంది, తల పక్కకి వాల్చేది ఒక్క సెకనే. అందుకని బరస్ట్ (వరసగా టకటకా ఫొటోలు తీసేది) ముందే సిద్ధంగా ఉండాలి. 10 నిమిషాలు దాటితే విసుగు ముఖం వస్తుంది, ఆపేసి మర్నాడు తీయండి.

కుంచె_కాకినాడ
నేను వేసేవైపు నుంచి చెప్తాను. ఫొటోలో లేనిదాన్ని ఊహించి వేస్తే అది వేరే కుక్క అవుతుంది, మీ కుక్క కాదు. పంపే ముందు కంటి మీద జూమ్ చేసి చూడండి. నల్లటి పాపకీ దాని చుట్టూ ఉన్న గోధుమ రంగుకీ మధ్య గీత తెలుస్తుంటే ఆ ఫొటో పనికొస్తుంది. లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000×3000. అందులో తల సగం ఫ్రేము నింపితే చాలు, చెవులు అంచుకి తగలకుండా ఖాళీ వదలండి. ముఖం కాస్త పక్కకి తిరిగి మూడొంతులు కనపడేది ఒకటి, ఎదురుగా ఒకటి, నిలబడి ఉన్నది ఒకటి, రొమ్ము మీద తెల్ల మచ్చ ఉంటే దాన్ని దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒకటి పంపండి. ఫిల్టర్లు, ఏఐతో షార్ప్ చేసే యాప్‌లు దయచేసి వద్దు, అవి లేని బొచ్చుని పుట్టిస్తాయి, సుడి ఎటు తిరిగిందో తప్పు చూపిస్తాయి.

వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. స్క్రీన్‌షాట్ తీసి పంపడం అన్నిటికన్నా నష్టం.

పిల్లిగడప
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పిల్లి పోయి నాలుగేళ్ళయింది. ఆల్బంలో 4×6 ప్రింటు ఒకటి, ఫోన్లో చిన్న వీడియో ఒకటి ఉన్నాయి. వీటితో వేయించొచ్చా?

కుంచె_కాకినాడ
వేయించొచ్చండీ. ప్రింటుని ఆల్బం ప్లాస్టిక్‌లోంచి తీసి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి, 2400×3600 పిక్సెళ్ళు వస్తుంది. ప్రింటు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, పైపొర ఊడిపోతుంది, అలాగే స్కాన్ చేయించండి. వీడియో 4కేలో తీసిందైతే ఒక్కో ఫ్రేము దాదాపు 8 మెగాపిక్సెల్, ఫుల్ హెచ్‌డీ అయితే 2. పిల్లి కదలకుండా ఉన్న క్షణం దగ్గర ఆపి ఫ్రేముని ఎక్స్‌పోర్ట్ చేయండి. ముఖం ప్రింటులోంచి, ఒంటి చారలు వీడియోలోంచి తీసుకోవచ్చు, రెండింటిలో వెలుతురు ఒకే వైపు నుంచి పడితే పని తేలిక.

కంటి రంగు మాత్రం పగటి వెలుతురులో ఉన్న ఫ్రేములోంచే చూసుకోవాలి. చీకట్లో పిల్లి కంటిపాప విచ్చుకుని రంగు వలయం దాదాపు కనపడకుండా పోతుంది. ఆ కళ్ళు ఆకుపచ్చా, తేనె రంగా అన్నది మీకు గుర్తున్నట్టే ఒక్క మాట రాసి ఫొటోలతో కలిపి పంపండి.