బడి డబ్బాలో గుడ్డు వద్దంటే ఒప్పుకోవాలా?

శారద_తెనాలి
మా పిల్లలిద్దరూ చదివే ప్రైవేటు బడి నుంచి శుక్రవారం ఒక చీటీ వచ్చింది. సోమవారం నుంచి మధ్యాహ్నం క్యారేజీలో గుడ్డు, చేప, మాంసం పెట్టకూడదట. తోటి పిల్లలకు వాసన ఇబ్బందిగా ఉంటోందని కారణం రాశారు. చేప, మాంసం నేను ఎలాగూ పెట్టను. పొద్దున ఆరింటికి అవన్నీ ఎవరు వండుతారు? గుడ్డు మాట వేరు. బస్సు ఏడుంబావుకు వస్తుంది, ఎనిమిదిన్నరకు నేను పనికి బయలుదేరాలి. అందుకే వారానికి మూడు రోజులు అన్నంలో గుడ్డు పొరటు కలిపి పెట్టేస్తాను. మూడో తరగతి చదివే మా చిన్నవాడు డబ్బా ఖాళీ చేసి తెచ్చేది ఆ మూడు రోజులే. మిగతా రోజుల్లో సగం అన్నం తిరిగి ఇంటికి వస్తుంది.
ఇద్దరి డబ్బాలకూ కలిపి రోజుకు యాభై రూపాయలు దాటకూడదన్నది నా లెక్క. ఆ డబ్బులో గుడ్డుకు బదులు ఏం పెట్టాలి? అసలు ఇంటి డబ్బాలో ఏముండాలో చెప్పే అధికారం బడికి ఎక్కడిది?

కృష్ణాతీరం
వింత చూడండి. ఇదే రాష్ట్రంలో సర్కారు బడి పిల్లకు మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. తెలంగాణలో మూడు. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది, వేళ కాని వేళ వచ్చినవారికి కూడా లేదనకుండా వడ్డించిన ఆవిడ పేరు. మీరు ఫీజు కట్టి మరీ ఆ గుడ్డును పోగొట్టుకున్నారు. నేనైతే సోమవారం రెండు గుడ్లు పెట్టి పంపేవాణ్ణి.

తులసికోట
రెండు గుడ్లు పెట్టి పంపడం సులువే. మధ్యలో నలిగేది పిల్లవాడు, మీరు కాదు.
నా వైపు సంగతి కూడా చెబుతాను. మా ఇంట్లో గుడ్డు తినము. మా అమ్మాయి రెండో తరగతి. ఆ వయసులో పిల్లలు ఒకరి డబ్బాలోది ఒకరు తీసుకుంటారు, వద్దని చెప్పినా ఆగరు. పోయిన ఏడాది పక్కపిల్ల డబ్బా మూత తీయగానే మా అమ్మాయి తిన్నదంతా కక్కేసింది. రెండు వారాలు భోజనాల గదిలోకి వెళ్లనని మొండికేసింది. మా బడిలో ఇలాంటి నిషేధం పెట్టమని నేను అడగలేదు. పెట్టి ఉంటే మాత్రం లోపల సంతోషించేవాణ్ణి, అది దాచను.

శారద_తెనాలి
తులసికోట గారూ, మీ పాప బాధ అర్థమైందండీ. మా వాడికి కాకరకాయ వాసన పడదు. దాని మీద చీటీ వస్తుందా?

వంటింటి_లెక్క
శారద గారు అడిగిన మొదటి ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెబుతాను, లెక్కతో.
సర్కారు భోజనానికి ఒక కొలత ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఒక పూటకు 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీను. ఆరు నుంచి ఎనిమిది వరకు 700, 20 గ్రాములు. చిన్నపిల్లల కొలతలో 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఉంటాయి. బియ్యంలో సుమారు ఏడు గ్రాముల ప్రొటీను, పప్పులో నాలుగున్నర. గుడ్డు కలపకుండానే దాదాపు పన్నెండు వచ్చేసింది.
కాబట్టి గుడ్డు లేకపోతే ప్రొటీను లేదనే మాట నిలవదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, మా వీధి కొట్టులో ఏడు రూపాయలు. అదే ఆరు గ్రాములు పావువంతు కప్పు కన్నా తక్కువ పల్లీల్లో వస్తాయి, అంటే 25 గ్రాములు, మా దగ్గర నాలుగు రూపాయలు. శనగలైతే 30 గ్రాములు, మూడు రూపాయలు. సోయా ముక్కలైతే 12 గ్రాములు చాలు, ఖర్చు రెండు రూపాయలు.
అసలు చిక్కు మన చేతి దగ్గర ఉంది. నిమ్మకాయ పులిహోరలో పల్లీలు పది గింజలు లెక్కపెట్టి వేస్తాము. అవి ఐదు గ్రాములు కూడా తూగవు. పిల్లవాడి డబ్బాకు గుప్పెడు వేయండి. కందిపొడి ఒకసారి కొట్టి సీసాలో పెట్టుకుంటే, రెండు పెద్ద చెంచాలు వేడి అన్నంలో నెయ్యితో కలిపితే పప్పు కొలత అక్కడే పూర్తయింది. డబ్బా కారదు కూడా.

కృష్ణాతీరం
లెక్క బాగుంది మాస్టారూ. శనగలు రాత్రి నానబెట్టడం, పొద్దున ఉడకబెట్టడం, తాలింపు వేయడం మీ లెక్కలో ఎన్ని రూపాయలు? వాటన్నిటికీ ఎవరో ఒక ఆడమనిషి గంట ముందు లేవాలి. గుడ్డు పది నిమిషాల్లో అయిపోతుంది. నాలుగు రూపాయలు మిగిలిందని ఆ గంట నిద్ర ఎవరి ఖాతాలో రాస్తారు?

వంటింటి_లెక్క
మా ఇంట్లో లేచేది నేనే. రాత్రి శనగలు నీళ్లలో పోయడానికి అరనిమిషం పడుతుంది. అయినా మీ మాట ఒప్పుకుంటాను. ఆ బడి చీటీ రాసినవారు పొద్దున వంటింట్లో నిలబడి ఉండరు. గుడ్డులో ఉండి పల్లీల్లో లేనిది ఒకటుంది, బి12 విటమిను. పాలు, పెరుగు తాగే పిల్లలకు అది కొంత దొరుకుతుంది. పెరుగు ముట్టని పిల్లవాడికి గుడ్డు తీసేస్తే ఇంట్లో తప్పకుండా పెట్టాలి.

డాలస్_అమ్మమ్మ
మనవల కోసం అమెరికా వచ్చి మూడేళ్లు. ఇక్కడి సంగతి వింటే నవ్వొస్తుంది. నా మనవడి బడిలో గుడ్డు ఎంతైనా పెట్టుకోవచ్చు, పల్లీలు మాత్రం గేటు దాటకూడదు. ఒకసారి పులిహోర పెట్టి పంపితే టీచరమ్మ ఫోను చేసింది. పల్లీలు పడని పిల్లలు ఒక్క గింజకే ఊపిరాడక ప్రాణం మీదికి తెచ్చుకుంటారట. ఆ రోజు నుంచి జీడిపప్పు కూడా మానేసి, శనగపప్పు, మినప్పప్పు తాలింపుతోనే పులిహోర కలుపుతున్నాను. నాకు కోపం రాలేదు. ఎవరి ప్రాణానికో ముప్పు అన్నారు, అర్థమైంది. మీ బడివాళ్లు వాసన అంటున్నారు. వాసనకు ఎవరి ప్రాణం పోతుందమ్మా?

పాత_పంతులు
మండల పరిషత్ బడిలో పనిచేసి ఈ మధ్యే విశ్రాంతి తీసుకున్నాను. మన దగ్గర బడిలో వండి వడ్డించడం 2003 జనవరిలో మొదలైంది. దేశమంతా వేడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2001 నవంబరులో. మొదటి రోజుల్లో కొందరు పెద్దలు ఫలానావారు వండితే మా పిల్లలు తినరని గోల చేశారు. వండే ఆవిడను మార్చమని నా దగ్గరికే వచ్చారు. నేను మార్చలేదు. పిల్లలు వారం రోజులు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు, తర్వాత ఒక్కొక్కరూ పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చారు. పక్కన పప్పు పోపు వాసన అంత గొప్పది.
మా బడిలో గుడ్డు తినని పిల్లలు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉండేవారు. అదే వరసలో, అదే చాప మీద కూర్చుని తిన్నారు. వాళ్ల పళ్లెంలో గుడ్డు పడకుండా చూడటం నా పని, పక్కవాడి పళ్లెంలోంచి తీసేయడం నా పని కాదు.
తులసికోట గారికి ఒక మాట. మీ అమ్మాయి కక్కుకోవడం నిజమే అయి ఉంటుంది, కాదనను. కానీ ఏ వాసన భరించరానిదో ఇంట్లో పెద్దల ముఖం చూసి పిల్లలు సగం నేర్చుకుంటారు.

తులసికోట
పంతులు గారూ, మీరు నా ముఖం చూడలేదు. నేను ఉద్యోగంలో గుడ్డు తినేవారి పక్కనే పదేళ్లుగా కూర్చుంటున్నాను. ఏడేళ్ల పిల్లకు మూసిన డబ్బాలోంచి ఒక్కసారిగా వచ్చే గంధకపు వాసన కులం చెప్పి రాదు. పక్క బల్ల ఒకటి వేరుగా వేయమని అడగడం తప్పా?

పాత_పంతులు
వేరు బల్ల చూశానండీ, చిన్నప్పుడు. దాని మీద కూర్చున్నవాణ్ణి నేనే. వద్దు.

నిమ్మచెట్టు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పిల్లల పోషణ విషయంలో పనిచేస్తాను. మీరిద్దరూ గొడవ పడుతున్న గంధకపు వాసనకు కారణం గుడ్డును మరీ ఎక్కువసేపు ఉడికించడం. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే అదే గుర్తు. నీళ్లు మరిగాక తొమ్మిది పది నిమిషాలు చాలు, వెంటనే చన్నీళ్లలో వేసేయాలి. వాసన చాలావరకు తగ్గుతుంది.
శారద గారికి నేను చెప్పేది వేరే. ఆరున్నరకు వండిన గుడ్డు పొరటు వేడిగా మూతపెట్టి పన్నెండున్నరకు తెరిస్తే ఆరు గంటలు. మన కోస్తా ఎండల్లో అది మంచిది కాదు. చీటీతో నాకు పనిలేదు, మార్చి నుంచి వేసవి సెలవుల దాకా నేనూ డబ్బాలో గుడ్డు వద్దనే అంటాను. పిల్లలు బడి నుంచి రాగానే వేడిగా పెట్టండి. పెరుగన్నం విషయంలో కూడా జాగ్రత్త. పొద్దున మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి ఒక చెంచా పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి తోడుకుని తియ్యగా ఉంటుంది. మన అమ్మమ్మలు పొలానికి పంపిన పద్ధతే. రాత్రి అన్నం మిగిలితే బయట ఉంచినది మాత్రం డబ్బాలో పెట్టకండి.
ఇంకొకటి. ఆ బడి క్యాంటీనులో ఏమి అమ్ముతున్నారో చూశారా? కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువ ఉన్న తిండి బడిలోనూ, గేటు నుంచి యాభై మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది.

శారద_తెనాలి
వారం గడిచింది, అందరికీ లెక్క అప్పజెబుతున్నాను.
సోమవారం కందిపొడి అన్నం, నెయ్యి, దోసకాయ ముక్కలు. పెద్దది తిన్నది, చిన్నవాడు సగం తెచ్చాడు. మంగళవారం నిమ్మకాయ పులిహోర, పల్లీలు గుప్పెడు. రెండు డబ్బాలూ ఖాళీ. బుధవారం శనగల తాలింపు. చిన్నవాడు దాన్ని స్నేహితుడికి ఇచ్చి క్రీము బిస్కెట్లు తెచ్చుకున్నాడని అక్క చెప్పింది. గురువారం పెసరట్టు, అల్లం పచ్చడి. చల్లారితే బాగోదనుకున్నాను, వాడు ఇంకొకటి పెట్టలేదేమని అడిగాడు. శుక్రవారం మళ్లీ పులిహోర, నాకు ఓపిక లేక. ఏ రోజూ నలభై రూపాయలు దాటలేదు. పొద్దున ఇరవై నిమిషాలు ముందు లేచాను. గుడ్డు సాయంత్రం ఐదింటికి, పొయ్యి మీద నుంచి నేరుగా పళ్లెంలోకి.
బడికి కూడా వెళ్లాను. ఏ నిబంధన ప్రకారం చీటీ ఇచ్చారో రాసివ్వమన్నాను. యాజమాన్యాన్ని అడిగి చెబుతామన్నారు. నిమ్మచెట్టు గారు చెప్పినట్టు క్యాంటీను వైపు వెళ్లి చూస్తే చిప్సు పొట్లాల దండలు వేలాడుతున్నాయి. అదేమిటని అడిగితే అది వేరే విషయం అన్నారు. వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. నాతో పాటు అడగడానికి నలుగురు వస్తామన్నారు, ఎంతమంది వస్తారో చూడాలి.

తులసికోట
చిప్సు గురించి మా ఊళ్లో నేను కూడా అడుగుతాను. గుడ్డు గురించి మాత్రం నన్ను కలుపుకోకండి.

శారద_తెనాలి
అలాగేనండీ. వంటింటి లెక్క గారూ, కందిపొడి మా వాడు వదిలేసింది వెల్లుల్లి ఎక్కువై అనుకుంటాను. మీరు ఎన్ని రెబ్బలు వేస్తారు?

వంటింటి_లెక్క
కప్పు కందిపప్పుకు ఎనిమిది. మీ బడికి మాత్రం మూడు చాలు, లేకపోతే ఇంకో చీటీ వస్తుంది.