అప్‌డేట్: మీటింగుల్లో నా మాట ఎవరూ వినట్లేదని అడిగా కదా

గుర్తుందో లేదో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీంలో 6 ఏళ్ల నుంచి ఉన్నా, శుక్రవారం సాయంత్రం రిలీజులు (అంటే కొత్త వెర్షన్ వాడేవాళ్లకి వదలడం) వద్దు మొర్రో అని ఎంత మొత్తుకున్నా మీటింగులో ఎవరూ పట్టించుకోరు, ఏం చెయ్యాలి అని అడిగా. గొంతు పెంచకు, మీటింగుకి ముందే ఒక్కొక్కళ్లతో విడిగా మాట్లాడు అన్నారు మీలో ఒకరు. నిజం చెప్పాలంటే అది కాకా పట్టడంలా అనిపించి ఒళ్లు మండింది.

సర్లే చూద్దాం అని గత 3 నెలల రిలీజులన్నీ ఎక్సెల్‌లో వేశా, మొత్తం 11, శుక్రవారం వెళ్లినవి 5, అందులో 4 శనివారం పొద్దున్నే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆ ఒక్క షీటు పట్టుకుని టీ టైంలో డెవలప్‌మెంట్ లీడ్‌కి చూపించా. ఆయన కాసేపు స్క్రోల్ చేసి "శనివారాలు ఇంట్లో తిట్లు తింటోంది నేనేగా" అన్నాడు. అంతే, సోమవారం మీటింగులో నేను నోరు తెరవకముందే ఆయనే టాపిక్ ఎత్తాడు, మరీ అర్జెంటైతే తప్ప ఇక రిలీజులు బుధవారమే అని తేలింది.

క్రెడిట్ ఆయనకే పోయింది, కొంచెం గుచ్చుకుంది, అబద్ధమెందుకు. కానీ నిన్న మా మేనేజర్ మేడం వచ్చే నెల ప్లాన్ అందరికీ పంపేముందు నాకు పంపి "ఓసారి చూసి చెప్పమ్మా" అన్నారు.