రేమండ్ గుట్టా, కోఠి రెసిడెన్సీయా? చుట్టాలకు ఏది చూపాలి?

కూకట్‌పల్లి కోడలు:
ఒంగోలు నుంచి పిన్నీ బాబాయీ వస్తున్నారు. చార్మినార్, గోల్కొండ ఇదివరకే చూశారు. "హైదరాబాద్ అన్ని జాతుల ఊరంటారే, అది కంటికి కనబడే చోటికి తీసుకెళ్లమ్మాయ్" అంటాడు బాబాయి. ఉన్నది ఒక్క పూట. మా ఆయన కోఠి రెసిడెన్సీ అంటాడు, మరిది గుట్ట మీది రేమండ్ సమాధి అంటాడు. ఇంట్లో తేలట్లేదు, మీరు తేల్చండి.

మలక్‌పేట పోరడు:
గుట్టకే తోల్కపోండ్రి అక్కా. రేమండ్ ఫ్రెంచాయన, నిజాం ఫౌజుల జనరల్. 1798ల చనిపోయిండు. హిందువులు మూసారాం అన్నరు, ముసల్మాన్లు మూసారహీం అన్నరు. ఇయ్యాల్టికీ మా మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ మీద ఆయన పేరే. పైన నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలు, గంతే. రెసిడెన్సీ అంటే దొరల బంగ్లా. అండ్ల మనదేమున్నది?

కోఠి పాత స్టూడెంట్:
మనదేముందా? ఖర్చంతా నిజాంది తమ్ముడూ! నేను ఆ ఆవరణలోనే చదువుకున్నా. కిర్క్‌పాట్రిక్ అనే ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ దూత, 1803లో కట్టడం మొదలుపెట్టాడు. ముందు పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, అచ్చం ఇంగ్లీషు దొర మేడే. కానీ వెనక తోటలోకి వెళ్లాలి. ఆయన పెళ్లాడింది ఇక్కడి అమ్మాయిని, ఖైరున్నీసా. పరదా వల్ల ఆవిడ మేడ ముందు వైపుకు రాలేదు కాబట్టి, అదే మేడను బొమ్మరిల్లంత చేసి ఆవిడ తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు. ఆవిడ ఉన్న రంగమహల్‌ను తర్వాతి రెసిడెంటొకాయన పడగొట్టించాడు. బొమ్మ మేడ మాత్రం మిగిలింది. మొదటిసారి చూసినప్పుడు దాని పక్కన గొంతుక్కూర్చుని కిటికీల్లోకి తొంగి చూశాను. ఏ చార్మినార్ ముందూ నాకు అలా అనిపించలేదు.

పాతబస్తీ మాస్టారు:
ఇద్దరూ కథలు బాగా చెప్పారు. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. అక్టోబరుకల్లా ఆయన ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేసేశారు. అందులో చెయ్యి ఎవరిది? ఈ కిర్క్‌పాట్రిక్‌దే! ఒకాయన కిరాయి సేనాని, ఇంకొకాయన కంపెనీ మనిషి. ఇందులో సామరస్యం ఎక్కడుందో నాకైతే కనబడదు. కలిసి బతికిన గుర్తులు కావాలంటే బార్కస్ వెళ్లండి. యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. బారక్స్ అన్న మాటే నలిగి బార్కస్ అయింది. జామకాయలకూ పేరున్న చోటు. ఏసీ గార్డ్స్ అనే పేట పేరూ అలాంటిదే, అందులో ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఆఫ్రికన్ కేవల్రీ.

కోఠి పాత స్టూడెంట్:
మాస్టారూ, రాజకీయం మీరన్నదే, కాదనను. కానీ మనుషులుండే పేటకు చుట్టాల్ని తీసుకెళ్లి "వీళ్లను చూడండి" అంటామా? కట్టడమైతే చూస్తే నొచ్చుకోదు.

పాతబస్తీ మాస్టారు:
చూడ్డానికి కాదమ్మా, జామకాయలు కొనడానికి వెళ్లమన్నాను.

కూకట్‌పల్లి కోడలు:
అన్నీ చదివి వినిపించా. పిన్ని బొమ్మ మేడ చూడందే కదలనంటోంది, బాబాయికేమో మోకాళ్ల నొప్పి. కోఠికే వెళ్తాం. మలక్‌పేట తమ్ముడూ, ఏమీ అనుకోకు.

మలక్‌పేట పోరడు:
ఏమనుకుంట అక్కా. అది యూనివర్సిటీ ఆవరణ, లోపలికి ఎప్పుడు పంపిస్తరో ముందే అడుక్కోండ్రి. చూసినంక ఉస్మానియా మెడికల్ కాలేజ్ కాడ మెట్రో ఎక్కితే మూసారాంబాగ్ నాలుగో స్టేషనే. బాబాయిని గుట్ట ఎక్కియ్యను లే, కిందనే చాయ్ తాపిస్త.