‘యాక్సెప్టెన్స్’కు ఒకే తెలుగు మాట సరిపోతుందా?

బెంగళూరులో అనువాదాలు చేస్తుంటాను. 40 పేజీల సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ‘యాక్సెప్టెన్స్’ దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిపాదనకు అవతలివారు సరేనంటే అది వాగ్దానమవుతుంది. అక్కడ ‘అంగీకారం’ చక్కగా కుదిరింది. ‘సమ్మతి’ని అదే చట్టం 13వ సెక్షన్‌లోని ‘కన్సెంట్’కు ముందే వాడేశాను.

చిక్కంతా తర్వాతి పేజీలో ఉంది. కొనుగోలుదారు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి, సరిగ్గా పనిచేస్తోందని సంతకం చేసి తీసుకోవడం కూడా ‘యాక్సెప్టెన్సే’. ‘అంగీకార పరీక్ష’ అని రాస్తే పెళ్లిచూపులు గుర్తొస్తున్నాయి. ‘ఆమోదం’ అంటే పై అధికారి సంతకంలా ఉంది. ‘స్వీకృతి’ అని పెడితే, చిత్తుప్రతి చదివిన మిత్రులిద్దరూ సరుకు చేతికందడమే అనుకున్నారు. నిఘంటువులేమో ఈ మాటలన్నీ వరసగా ఇచ్చి చేతులు దులుపుకున్నాయి.

పరీక్షించి పుచ్చుకోవడం అనే ఈ రెండో అర్థానికి మీరైతే ఏ మాట వాడతారు?